‘జంతువులపై పరీక్షించలేదు’ అంటే, మరి ఎవరి మీద?



పోయిన నెల మన మలక్‌పేట బ్రాంచిలో పేరెంట్-టీచర్ మీటింగ్ జరుగుతున్నప్పుడు, తొమ్మిదో తరగతి అమ్మాయి వాళ్ల అమ్మగారు ప్రోగ్రెస్ కార్డు పక్కన పెట్టి, హ్యాండ్‌బ్యాగులోంచి ఒక క్రీము ట్యూబు తీశారు. వెనకవైపు చిన్న కుందేలు బొమ్మ, దాని కింద ‘జంతువులపై పరీక్షించలేదు’ అన్న మాట. “మేడమ్, సైన్సు మీరే కదా చెప్పేది. జంతువుల మీద పరీక్షించకపోతే మరి ఎవరి మీద పరీక్షించినట్టు? మన పిల్లల మీదేనా?” అన్నారు.

ఆమె నవ్వుతూనే అడిగారు గానీ నవ్వి ఊరుకునే ప్రశ్న కాదు అది. అంతకు రెండు వారాల ముందు బంధువుల పెళ్లిలో పెట్టించుకున్న నల్ల మెహందీకి ఆ అమ్మాయి ముంజేతి మీద బొబ్బలు లేచాయి. తీగ ఎక్కడ వంపు తిరిగిందో బొబ్బలూ అక్కడే వంపు తిరిగాయి. వెనక పదిమంది లైన్లో ఉండటంతో ఆ రోజు సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ఇది మీ అందరికీ పనికొచ్చే సంగతే.

ముందు కుందేలు సంగతి చూద్దాం. 1933లో అమెరికాలో ‘లాష్ లూర్’ అనే కనురెప్పల రంగు వాడిన ఆడవాళ్లకు కళ్లు వాచి పుండ్లు పడ్డాయి. ఒకామెకు చూపు పోయింది, మరొకామె ప్రాణమే పోయింది. అందులో ఉన్న రసాయనం పేరు పారాఫినైలిన్‌డయమిన్, పొట్టిగా పీపీడీ. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. ఇలాంటి ఘటనల తర్వాతే 1938లో అక్కడ సౌందర్య సాధనాలకు చట్టం వచ్చింది. చట్టం వచ్చాక పరీక్ష కావాలి కదా. అమెరికా ఆహార, ఔషధ శాఖలో పనిచేసిన జాన్ డ్రైజ్ 1944లో ఒక పద్ధతి ప్రకటించారు. కుందేలు వీపు మీద బొచ్చు గొరిగి రసాయనం పూయడం, లేదా దాని కంట్లో వేయడం, తర్వాత ఎరుపుకూ వాపుకూ మార్కులు వేయడం. దశాబ్దాల పాటు ప్రపంచమంతా దాన్నే నమ్ముకుంది.

జాలి సంగతి అలా ఉంచండి, ఆ పరీక్షలో సైన్సు పరంగానే లోపాలున్నాయి. కుందేలు చర్మం మనకన్నా సున్నితం, దాని రోమాల దట్టమే వేరు. ఒకే రసాయనానికి ఒక ల్యాబు ఒకలా, ఇంకో ల్యాబు మరోలా మార్కులు వేసిన సందర్భాలు ఎన్నో. కుందేలుకు ఎర్రబడింది కాబట్టి మనిషికీ ఎర్రబడుతుందని గ్యారంటీ లేదు. దానికి ఏమీ కాలేదు కాబట్టి మనకూ ఏమీ కాదన్న గ్యారంటీ అంతకన్నా లేదు.

మన దేశంలో సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడం 2014 మే నెల నుంచి నిషేధం. అదే ఏడాది నవంబరులో, బయటి దేశాల్లో జంతువుల మీద పరీక్షించిన వాటి దిగుమతినీ ఆపేశారు. అంటే ఆ తల్లిగారి చేతిలోని ట్యూబు మీది కుందేలు బొమ్మ ఆ కంపెనీ మనకు చేస్తున్న ప్రత్యేక ఉపకారమేమీ కాదు. చట్టం ఎటూ చేయనివ్వని పనిని ‘మేం చేయలేదు’ అని చెప్పుకోవడం. బడికి టైముకి వచ్చినందుకు బహుమతి అడిగినట్టుంటుంది.

మరి ఎవరి మీద? చాలావరకు మనిషి చర్మం మీదే. కాకపోతే మనిషి లేని చర్మం.

తడిగుడ్డలో పెసల్లా

చర్మం పై పొరలో ఎక్కువ భాగం కెరటినోసైట్లు అనే కణాలు. అడుగు వరుసలో పుట్టి, పైకి జరుగుతూ, చదునై, చచ్చి, దాదాపు నెలరోజులకు పొట్టులా రాలిపోతాయి. అన్నిటికన్నా పైనున్న ఆ చచ్చిన కణాల వరుసలే మనకు గోడ. తొమ్మిదో తరగతి ‘కణజాలాలు’ పాఠంలో స్తరిత ఉపకళా కణజాలం అని మీ పిల్లలు బొమ్మ గీసి భాగాలు గుర్తించేది దీన్నే.

ఈ కణాలను ఒంటి బయట పెద్దయెత్తున పెంచడం ఎలాగో 1975లో అమెరికాలో జేమ్స్ రైన్‌వాల్డ్, హోవర్డ్ గ్రీన్ చూపించారు. ఇప్పుడు ల్యాబుల్లో జరిగేది ఇది. ప్లాస్టిక్ సర్జరీలోనో సున్తీలోనో తీసేసే, లేకపోతే చెత్తలోకి పోయే చర్మాన్ని దాతల అనుమతితో తీసుకుంటారు. ఎంజైములతో కణాలను విడదీసి, 37 డిగ్రీల వెచ్చదనంలో పోషక ద్రావణంలో పెంచుతారు. తర్వాత వాటిని అడుగున సన్నటి రంధ్రాలున్న బుల్లి గిన్నెల్లో పరుస్తారు. గిన్నె ఎంత అంటే, వేలిగోరంత వెడల్పు.

అసలు కిటుకు ఇక్కడుంది. కణాలను పూర్తిగా ద్రవంలో ముంచి ఉంచితే అవి మామూలు కణాల్లాగే ఉండిపోతాయి, గోడ కట్టవు. కొన్ని రోజుల తర్వాత గిన్నెను పైకి లేపి, అడుగున మాత్రం ద్రావణం తగిలేలా, పైన గాలి తగిలేలా పెట్టాలి. తడిగుడ్డలో పెసలు మొలకెత్తించినట్టే అనుకోండి. నీళ్లలో మునిగితే కుళ్లిపోతాయి, పూర్తిగా ఎండితే చస్తాయి. కింద తడి, పైన గాలి ఉంటేనే మొలక. ఆ గాలి సోకగానే కణాలు ‘మనం ఒంటి బయటివైపు ఉన్నాం’ అన్నట్టు ప్రవర్తిస్తాయి. పొరలు కట్టి, రెండు వారాలు అటూఇటూగా పైన చచ్చిన కణాల గోడ కూడా కట్టేస్తాయి. మైక్రోస్కోపు కింద పెడితే పాఠ్యపుస్తకంలోని బొమ్మలాగే కనిపిస్తుంది.

ఫ్రాన్సులోని లోరియల్ సంస్థది ‘ఎపిస్కిన్’, అమెరికాలోని మాటెక్ సంస్థది ‘ఎపిడెర్మ్’. ఎక్కువగా వినిపించే పేర్లు ఈ రెండూ. వీటితో చేసే పరీక్షలకు ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ, అంటే ఓఈసీడీ, అంతర్జాతీయ ప్రమాణాలు రాసింది. చర్మాన్ని కాల్చేసే రసాయనాలకు 431వ నంబరు, చర్మం ఎర్రబడేలా చేసేవాటికి 439వ నంబరు.

439 ఎలా జరుగుతుందో చెబుతాను. ఇందులో దాపరికమేమీ లేదు, మీ పిల్లలకు చెబితే వాళ్లకూ అర్థమవుతుంది. పరీక్షించాల్సిన పదార్థాన్ని కొలిచి చర్మం ముక్క మీద వేస్తారు. ఎపిస్కిన్‌కైతే పదిహేను నిమిషాలు ఉంచి కడిగేస్తారు. ఆ తర్వాత వెంటనే చూడరు, 42 గంటలు ఆగుతారు. దెబ్బ ఒక్కోసారి ఆలస్యంగా బయటపడుతుంది కనుక. అప్పుడు ఎంటీటీ అనే పసుపు రంగు ద్రవంలో ఉంచుతారు. బతికున్న కణాల్లో మైటోకాండ్రియా పనిచేస్తూ ఉంటాయి కదా, అవి ఆ పసుపును ఊదా రంగుగా మారుస్తాయి. చచ్చిన కణం మార్చలేదు. ఊదా ఎంత చిక్కగా వచ్చిందో యంత్రం కొలుస్తుంది. హాని లేని ఉప్పు ద్రావణం వేసిన ముక్కతో పోల్చి, బతికిన కణాలు సగమో అంతకన్నా తక్కువో అయితే ఆ పదార్థం చర్మాన్ని రేపుతుందని నిర్ధారణ. కుందేలు ఎంత ఎర్రబడిందో కంటితో చూసి మార్కులు వేసే పని లేదు.

ప్రతి పరీక్షలోనూ పక్కన ఇంకో ముక్క మీద, ఖాయంగా దెబ్బతీసే పదార్థం ఒకటి వేసి చూడాలి. పరీక్ష సరిగ్గా పనిచేస్తోందనడానికి అదే రుజువు. దానికి వాడేది ఏమిటో తెలుసా? 5 శాతం సోడియం లారిల్ సల్ఫేట్. ఎన్నో షాంపూల్లో, టూత్‌పేస్టుల్లో నురగ కోసం కలిపేది ఇదే. భయపడకండి. మనం నిమిషంలో కడిగేసుకుంటాం, నీళ్లు కలుపుతాం. కానీ తలస్నానం చేయించేటప్పుడు షాంపూ పట్టించి పిల్లల్ని బకెట్ ముందు కూర్చోబెట్టి ఫోన్ ఎత్తకండి.

మిరపఘాటు తెలియని చర్మం

ఇంత చెప్పాక ల్యాబు చర్మం అన్నీ పట్టేస్తుందని మీరు అనుకుంటే తప్పు నాదే అవుతుంది. మలక్‌పేట గంజ్‌లో మిర్చి బస్తాలు దించే రోజున ఆ పక్కనుంచి నడిచి చూడండి. కళ్లు, ముక్కు, మెడ, అన్నీ మండుతాయి. ఆ మంట నరాలది. మిరపలోని క్యాప్సైసిన్ నరాల చివర్లను తట్టి లేపుతుంది. ల్యాబు చర్మంలో నరాలు లేవు. రక్తనాళాలు లేవు, వెంట్రుకల కుదుళ్లు లేవు, చెమట గ్రంథులు లేవు. ‘మండుతోంది’ అని అది చెప్పలేదు, కణాలు చచ్చాయో బతికాయో మాత్రమే చెప్పగలదు. దాని గోడ కూడా మన చర్మం గోడంత గట్టిగా ఉండదు.

రంగు సంగతి ఇంకొకటి. సాధారణంగా వాడే నమూనాల్లో కెరటినోసైట్లు తప్ప రంగునిచ్చే మెలనోసైట్లు ఉండవు. ఇది మనకు పట్టాల్సిన విషయం. స్టిక్కర్ బొట్టుబిళ్ల జిగురులో వాడే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ వల్ల నుదుటి మీద తెల్లమచ్చ పడటం మన చర్మవైద్యులకు ఏళ్లుగా తెలిసిన సమస్య. అది మెలనోసైట్లనే దెబ్బతీస్తుంది. మెలనోసైట్లు లేని ముక్క మీద పరీక్షిస్తే ఆ మచ్చ ఎలా కనిపిస్తుంది? మెలనోసైట్లు కలిపిన నమూనాలు, లేత రంగు నుంచి ముదురు రంగు దాకా, ఉన్నాయి. అయితే పరీక్ష చేసేవారు ఏ ప్రశ్నకు ఏ ముక్కను ఎంచుకున్నారన్నది ముఖ్యం.

ఇంకో నిజం కూడా చెప్పాలి. రైన్‌వాల్డ్, గ్రీన్ మొదట ఈ కణాలను పెంచింది ఎలుక కణాల పరుపు మీద. కణాలు పెంచే ద్రావణాల్లో పశువుల పిండాల రక్తం నుంచి తీసిన సీరం కలిపే అలవాటు ల్యాబుల్లో ఇంకా పూర్తిగా పోలేదు. సీరం లేని ద్రావణాలు వచ్చాయి, వాడకం పెరుగుతోంది. ‘జంతువు ప్రమేయమే లేదు’ అనడానికీ ‘జంతువు మీద పరీక్షించలేదు’ అనడానికీ తేడా ఉందన్నమాట.

మూసీ అవతల

ఇదంతా ఎక్కడో పారిస్‌లో జరిగే పని అనుకోనక్కర్లేదు. మన బడి నుంచి మూసారాంబాగ్ దగ్గర మూసీ దాటి, అంబర్‌పేట, రామంతాపూర్ మీదుగా హబ్సిగూడ వెళితే ఉప్పల్ రోడ్డు మీద సీసీఎంబీ కనిపిస్తుంది. పుష్పమిత్ర భార్గవ తొలి డైరెక్టరుగా 1977లో మొదలైన కణ, అణు జీవశాస్త్ర కేంద్రం అది. దానికి అనుబంధంగా ఉన్న అటల్ ఇంక్యుబేషన్ సెంటర్‌లో ‘సెంటర్ ఫర్ ప్రిడిక్టివ్ హ్యూమన్ మోడల్ సిస్టమ్స్’ అనే విభాగం పెట్టారు. దాని పనే ఇది. జంతువుల బదులు మనిషి కణాలతో చేసే పరీక్షలను దేశంలో ముందుకు తేవడం, శాస్త్రవేత్తలనూ కంపెనీలనూ అధికారులనూ ఒకచోట కూర్చోబెట్టడం. 2023లో మన కొత్త ఔషధాల నిబంధనలను కూడా సవరించారు. మందుల తొలి పరీక్షల్లో కణాల పరీక్షలు, చిప్ మీద పెంచిన అవయవాలు, కంప్యూటర్ నమూనాలు వాడవచ్చని అందులో చేర్చారు. సౌందర్య సాధనాలకు జంతు పరీక్ష పూర్తిగా నిషేధం, మందులకు మాత్రం ప్రత్యామ్నాయాలకు తలుపు తెరిచారు. ఈ రెంటికీ తేడా గమనించాలి.

బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిది చర్మానికి దగ్గరి చుట్టం లాంటి కథ. కంటి నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు రసాయనం పడి మాడిపోతే చూపు మసకబారుతుంది. పిల్లల్లో దీనికి ఒక ముఖ్య కారణం పాన్‌లోకి వాడే సున్నం ప్యాకెట్. నొక్కితే పగిలి నేరుగా కంట్లోకి చిమ్ముతుంది. ఇంట్లో పెద్దవాళ్లకు పాన్ అలవాటు ఉంటే ఆ ప్యాకెట్లు పిల్లలకు అందనివ్వకండి. ఒకవేళ పడితే ఆసుపత్రికి బయల్దేరే ముందే కనీసం పదిహేను నిమిషాలు మంచినీళ్ల ధార కింద కన్ను కడగండి. ఎల్వీ ప్రసాద్ వైద్యులు 2001 నుంచి, బాగున్న కంటి అంచు నుంచి చిటికెడు కణజాలం తీసి, ల్యాబులో మానవ ఉల్బపొర మీద పెంచి, దెబ్బతిన్న కంటికి అతికించారు. అందులో నాకు బాగా నచ్చే మలుపు ఒకటుంది. పదేళ్లు అలా చేశాక, 2012లో డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం ల్యాబు మెట్టునే తీసేసింది. ఆ చిటికెడు కణజాలాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి కంటి మీదే పరిస్తే, అక్కడే పెరిగాయి. ల్యాబు ఖర్చు లేదు.

ఎల్వీ ప్రసాద్, సీసీఎంబీ, ఐఐటీ హైదరాబాద్ కలిసి 2022లో మనిషి కార్నియా కణజాలంతో త్రీడీ ప్రింటర్ మీద కార్నియాను తయారుచేశాయి. దాన్ని మొదట ఎక్కడ అమర్చి చూశారో ఊహించండి. కుందేలు కంట్లో. డ్రైజ్ కుందేలు పూర్తిగా సెలవు తీసుకోవడానికి ఇంకా టైముంది.

ఇక్కడ తల్లిదండ్రులు తరచూ అడిగేది ఒకటుంది. చర్మం ల్యాబులో పెరుగుతుంటే కాలిన వాళ్లకు వేసేయొచ్చు కదా? పరీక్షకు పెంచే ముక్క వేలిగోరంతే, పైగా వేరొకరిది. మన ఒళ్లు దాన్ని నిలవనివ్వదు. సొంత కణాలైతే నిలుస్తాయి. 1983లో అమెరికాలో ఒంటి మీద తొంభై అయిదు శాతానికి పైగా కాలిన ఇద్దరు అన్నదమ్ముల్ని, పసివాళ్లను, హోవర్డ్ గ్రీన్ పద్ధతిలో వాళ్ల సొంత కణాలను పెంచి బతికించారు. కానీ అలా పెంచడానికి వారాలు పడుతుంది. ఆ వారాలు గాయం మూసి ఉండాలి కదా. అందుకే చర్మదానం. మనకు దగ్గర్లోనే, అఫ్జల్‌గంజ్ ఉస్మానియా ఆసుపత్రిలో 2021లో స్కిన్ బ్యాంకు మొదలైంది. చనిపోయిన ఆరు గంటల్లోపు తొడలు, కాళ్లు, వీపు నుంచి పైపైన పలచటి పొర మాత్రమే తీస్తారు, రక్తం కారదు, రూపం చెడదు. బ్లడ్ గ్రూపు కలవాల్సిన పని లేదు. గ్లిజరాల్‌లో ఉంచి చల్లగా దాస్తే అయిదేళ్ల దాకా పనికొస్తుంది. ల్యాబు ఇంకా ఇవ్వలేని దాన్ని ఈ పలచటి పొర ఇస్తోంది.

ఆ అమ్మాయి చేయి

ఇప్పుడు మళ్లీ మెహందీకి వద్దాం. గోరింటాకు రుబ్బి పెడితే ఎర్రగా పండుతుంది, రాత్రంతా ఉంచాలి. అరగంటలో బొగ్గులా నల్లగా వచ్చిందంటే అందులో ఇంకేదో కలిసిందని అనుమానించాలి. ఆ ఇంకేదో చాలాసార్లు పీపీడీ. 1933 నాటి కనురెప్పల రంగులో ఉన్నదే.

పీపీడీ పని తీరు వేరు. సబ్బులా వెంటనే కణాలను చంపదు. చర్మంలోకి దిగి అక్కడి ప్రొటీన్లకు అతుక్కుంటుంది. కాపలా కణాలు దాన్ని శత్రువుగా పొరబడి, గజ్జల్లోనో చంకల్లోనో ఉండే లింఫు గ్రంథులకు మోసుకెళ్లి చూపిస్తాయి. ఒళ్లు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. మొదటిసారి పెట్టించుకున్నప్పుడు ఏమీ కాకపోవచ్చు, లేదా వారం పదిరోజులకు దురద రావచ్చు. ఇంకోసారి తగిలితే ఒకటి రెండు రోజుల్లోనే బొబ్బలు. “పోయినసారి కూడా ఇదే కోన్ మేడమ్, ఏమీ కాలేదు” అని ఆ తల్లిగారు అన్నది అందుకే.

మామూలు ల్యాబు చర్మంలో ఆ కాపలా కణాలూ లేవు, లింఫు గ్రంథులూ లేవు. కాబట్టి 439 పరీక్ష ఒక్కదాన్నీ నమ్ముకుంటే అలర్జీ దొరకదు. దీనికి వేరే పరీక్షలున్నాయి. రసాయనం ప్రొటీన్ ముక్కలకు అతుక్కుంటుందా అని పరీక్షనాళికలో చూసేది ఒకటి, చర్మకణాలు హెచ్చరిక గంట మోగిస్తాయా అని చూసేది ఒకటి, కాపలా కణాల్లాంటివి మేల్కొంటాయా అని చూసేది మరొకటి. మూడింట్లో రెండు ఒకే మాట చెబితే దాన్ని తీర్పుగా తీసుకోవచ్చని 2021లో ఓఈసీడీ ఒప్పుకుంది. ఇవేవీ కుందేలును ముట్టవు.

అయితే పీపీడీ విషయంలో ఇంకో పరీక్ష అక్కర్లేదు. అది అలర్జీ తెస్తుందని తొంభై ఏళ్లుగా తెలుసు. హెయిర్ డై పెట్టె మీద హెచ్చరిక వేయాలని, కనుబొమ్మలకూ రెప్పలకూ వాడొద్దని రాయాలని మన నిబంధనలే చెబుతున్నాయి. కానీ పెళ్లిలో చేతికిచ్చిన ఆ కోన్ మీద ఏ పేరూ లేదు, ఏ లేబులూ లేదు, తయారీ తేదీ లేదు. ఎంత గొప్ప ల్యాబయినా తన దగ్గరికి రాని పదార్థాన్ని పరీక్షించలేదు కదా.

కాబట్టి ఇంట్లో ఇవి చేయండి. పేరూ, పదార్థాల జాబితా లేని కోన్ పిల్లల చేతికి పెట్టించకండి. పండగైనా సరే, పెళ్లయినా సరే. కొత్త క్రీమో రంగో అయితే మోచేతి లోపలివైపు చుక్కంత రాసి రెండు రోజులు చూడండి. దీనికి ఒక మినహాయింపు ఉంది. నల్ల మెహందీకి ఒకసారి బొబ్బలు వచ్చిన పిల్లలకు ఈ చుక్క పరీక్ష కూడా ఇంట్లో చేయొద్దు. చర్మవైద్యుల దగ్గరే చేయించాలి. ఆ పిల్లలు పెద్దయ్యాక హెయిర్ డై జోలికి వెళ్లకూడదు. ఈ సంగతి వాళ్ల హెల్త్ కార్డులో ‘అలర్జీలు’ అన్న గడిలో రాయించండి. మన స్కూలు హెల్త్ కార్డులో ఆ గడి మూడో పేజీలో ఉంది. చాలామందివి ఖాళీగానే ఉన్నాయి, క్లాస్ టీచర్ల దగ్గర చూశాను.

సీసీఎంబీని పిల్లలకు చూపించాలనుకునేవారికి ఒక మాట. సీఎస్ఐఆర్ స్థాపక దినం సెప్టెంబరు 26. ఆ సమయంలో విద్యార్థులను లోపలికి రానిచ్చి ల్యాబులు చూపించే ఓపెన్ డే అక్కడ ఆనవాయితీ. తేదీ ప్రకటించగానే డైరీలో రాసి పంపుతాం.

ఈ నెల మూడో వారంలో తొమ్మిదో తరగతి పిల్లలు ల్యాబులో తమ బుగ్గ లోపలి కణాలను టూత్‌పిక్‌తో తీసి, మిథిలీన్ బ్లూ వేసి మైక్రోస్కోపులో చూస్తారు. ఆ రోజు ఇంటికొచ్చాక వేళ్లకు నీలం మరక ఉంటే కంగారుపడకండి, రెండు మూడు రోజుల్లో పోతుంది. ఆ అమ్మాయి చేతి బొబ్బలు మానాయి. మచ్చ మాత్రం లేత రంగులో తీగలాగే ఉంది, నెమ్మదిగా చర్మం రంగులో కలిసిపోతుందని డాక్టరుగారు చెప్పారట.